నేటికి చాలినది

శివునియందలి విశ్వాసము లేమిలోనే పరీక్షింపబడునని పలువురి తలంపు. కలిమిలో ఆ పరీక్ష మరింత కఠినము. 12వ శతాబ్దమున కల్యాణనగరములో ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలేరుటయే కాయకముగా జీవించెను. ఒకనాడతడు అలవాటుకు మించి తేగా, ధర్మపత్ని లక్కమ్మ ఆ అధికమును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. నేటికి చాలినంత శివుడిచ్చునని ఆమె నమ్మిక. భర్తకు గురువైన ఇల్లాలామె!

బేగంపేటలో ఇష్టలింగార్చన ముగించి దుకాణము తెరచు వర్తకునకు ఈ కథ క్రొత్తది కాదు. కొనువాడొకడు పొరపాటున 500 రూపాయలు ఎక్కువిచ్చి కదలును. శివుడే ఇచ్చెనని మనసు వెంటనే సమాధానపడును. బిడ్డల చదువునకు కూడబెట్టుట దోషము కాదు. పరధనమునకు శివప్రసాదమని పేరు పెట్టుటయే దోషము. పూజవేళ అరచేతనున్న లింగము ఇప్పుడును ఎదపైననే యున్నది. కొనువాడు మెట్లు దిగుచున్నాడు. అమీర్‌పేట వైపు మళ్లెనా, ఆ జనసమ్మర్దములో మరల దొరకడు.