శునక శిక్షణమున సామమా, దండమా?

కోలారు బంగారు గనులు 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మూతపడిన నాటినుండి మన కుటుంబములలో అనేకుల జీవితము రైలుబండి వేళలకు కట్టుబడినదని పాఠకులకు వేరుగ చెప్పనక్కర లేదు. తెల్లవారక మునుపే మారికుప్పం బండి యెక్కి బెంగళూరికి పోవువారు చీకటి పడిన పిమ్మట గాని ఇల్లు చేరరు. పగలెల్ల ఇంటికి కాపలా ఎవరు? గుమ్మము ప్రక్కన గొలుసుతో కట్టివేసిన కుక్క. పూర్వము లైన్లలో కుక్కలు వీథికంతటికి చెందినవై తిరుగుచుండెడివి. ఎవరి ఇంట సంగటి మిగిలిన వారు ఇంత ముద్ద వేసెడివారు. ఇప్పుడు ఇంటికొకటి, అందును కొన్నిటికి సీమపేర్లు. వానికి వెరచి పాలవాడును, తపాలా జవానును, బడిపిల్లలును వీథికి ఆవలి ప్రక్కగా నడచుచున్నారు. ఇట్టి కోపిష్ఠి కుక్కను దారికి తెచ్చుట కొట్టియా, బుజ్జగించియా అను వాదము మా వీథి అరుగులమీద చాలకాలముగ సాగుచున్నది. కుక్కల మాట యని దీనిని తేలికగ విడువలేము. బలముగలవాడు తన చేతిలోని ప్రాణిని ఏ విధమున దిద్దవలెనను ధర్మప్రశ్న ఇందు ఉన్నది.

దండపక్షము వారి మాట తీసివేయదగినది కాదు. సైన్యములో పనిచేసి వచ్చిన పెద్దమనిషి యొకరు మాతో అనుచుందురు: "దెబ్బ పడకుండా అది మాట ఇనదు సామీ. నా కుక్క పరాయి బిడ్డను కరిస్తే ఆ తల్లికి నేనేం జవాబు చెప్పేది?" ఈ ప్రశ్నను దాటి దయను గూర్చి ఉపన్యసించుట సులభమే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల పసివాడు వీథికుక్కల వాతబడి మరణించిన వార్తను చదివినవారెవ్వరును అట్లు దాటలేరు. మెత్తదనము ఫలింపక కుక్కను చంపవలసి వచ్చుటకంటె నాలుగు దెబ్బలు వేసి దాని ప్రాణము నిలుపుట మేలు గదా యని వారి వాదము.

దండము దశగుణమను పెద్దల మాటను గూడ వారు చూపుదురు. ఆ పదింటిలో కుక్కయు ఉన్న మాట నిజమే. కాని పాము, బురద, నీరు, చీకటి, ముసలితనము కూడ అందే ఉన్నవి. అది దారిన పోవువాని చేతికర్ర. తన్ను కాచుకొనుటకు చెప్పినదే గాని బోధించుటకు చెప్పినది కాదు. బురదను కర్రతో శిక్షించువాడెవడు?

పాశ్చాత్యులలోను ఈ మార్గమునకు ఆధారములు లేకపోలేదు. జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణమిచ్చిన కాన్రాడ్ మోస్ట్ 1910లో ప్రకటించిన గ్రంథము నిర్బంధమునకు పెద్దపీట వేసినది. అటుపిమ్మట 1947లో షెంకెల్ అను పండితుడు బోనులోని తోడేళ్ళను చూచి వ్రాసిన వ్రాతలనుండి, మందలో బలవంతుడే నాయకుడనియు, కుక్కకు యజమాని అట్టి నాయకుడు కావలెననియు ఒక సిద్ధాంతము పుట్టెను. దానిని 1970లో తన గ్రంథముద్వారా వ్యాపింపజేసిన డేవిడ్ మెక్ అను శాస్త్రజ్ఞుడే 1999లో దానిని సవరించెను. అడవిలోని తోడేళ్ళ మంద యనగా తల్లి, తండ్రి, పిల్లలు కలసిన కుటుంబమే యని ఆయన తేల్చెను. చెరసాలను చూచి సంసారమును వర్ణించినట్లయినది మొదటి సిద్ధాంతము!

ఈ విషయమున మాకు తోచినంతలో మన ఆదిపర్వము వీరందరికంటె ముందున్నది. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశునకము పిల్ల అచ్చటికి పోయెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లితో చెప్పుకొనగా, నీవేదో తప్పు చేసియుందువని తల్లి మొదట సందేహించెను. హవిస్సును తాకను గూడ లేదని పిల్ల చెప్పెను. అంతట సరమ యాగశాలకు వచ్చి, నిరపరాధిని కొట్టిరి గనుక మీకు కనబడని భయము కలుగునని శపించెను. రాజు కలతపడి, ఆ శాపమును శాంతింపజేయగల పురోహితుని వెదకుకొని పోవలసి వచ్చెను.

కనబడని భయమను ఆ మాటయందే ఈ వాదమునకు తాళపుచెవి ఉన్నదని మా అభిప్రాయము. భయపడిన కుక్క వెంటనే కరవదు. మొదట చూపు మరల్చును, మూతి నాకుకొనును, ఒళ్ళు బిగించును, గుర్రుమనును, పండ్లు చూపును. ఇవన్నియు దూరముగ నుండుమని చేయు విన్నపములే. "మొరిగే కుక్క కరవదు" అను సామెతలో కొంత నిజమిదే. గుర్రుమన్నప్పుడెల్ల బెల్టుతో కొట్టినచో కుక్క నేర్చుకొనునది గుర్రుమనరాదని మాత్రమే. లోపలి భయము పోలేదు. దెబ్బల భయము దానికి తోడైనది. ఒకనాడు చిన్నపిల్ల చేయి చాచగా హెచ్చరిక లేకుండ కాటు పడును. "ఏమీ అనకుండా కరిచింది" అని అందరును ఆశ్చర్యపడుదురు. సరమ శాపము ఫలించుట ఇట్లే.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు, ప్రవర్తన చెడిన కుక్కలను తమ కడకు తెచ్చిన 140 మంది యజమానులను విచారించి 2009లో ఫలితములు ప్రకటించిరి. కొట్టుట, తన్నుట చేసినవారిలో 43 శాతము మంది కుక్క తమపై తిరుగబడినదని చెప్పిరి. వెల్లకిల పడవేసి అదిమిపట్టినవారిలో 31 శాతము. అంకెలతో బ్రతుకు గడపినవారము గనుక ఒక మాట చెప్పవలెను: ఇవి ముందే చెడిన కుక్కలు, ఈ లెక్క అన్నిటికి చెల్లదు. అయినను మన వాదము అట్టి కుక్కలను గూర్చియే గదా!

సామమార్గము ఎట్లుండునో మా వీథిలోనే చూచితిమి. కాలేజీలో చదువు ఒక అమ్మాయి యింటి కుక్కకు తపాలా జవానును చూచిన పూనకము వచ్చెడిది. అతడు ఉత్తరమిచ్చి తనదారిన పోవుటను తాను మొరిగి తరిమినట్లుగ అది ప్రతిదినము ఎంచుకొనుచుండెను. ఆ అమ్మాయి దానిని పెరటివైపు దూరముగ నిలిపి, అతడు వీథి చివర కనబడగానే, అది మొరుగక మునుపే, కోడి కార్జము ముక్క యొకటి నోటికిచ్చెడిది. అతడు మరుగైన పిమ్మట ముక్క లేదు. కొన్ని దినములకొకసారి నాలుగడుగులు ముందుకు. "మొరిగేదానికి లంచమా తల్లీ?" అని ఇరుగుపొరుగువారు నవ్విరి. లంచమునకును జీతమునకును గల భేదము గుమాస్తాలము మాకు తెలియును. మొరిగిన పిమ్మట ఇచ్చిన లంచము, మొరుగక నిలిచినందుకిచ్చిన జీతము. రెండు నెలలు దాటిన పిదప ఆ కుక్క ఖాకీ దుస్తులను చూచి తోక ఆడించుట మేమెరుగుదుము.

అయితే సామమనగా విచ్చలవిడిగ వదలుట కాదు. కుక్కను ముద్దు చేయుచు, "మాది ఏమీ చేయదు" అని గేటు తెరచి యుంచువారిని మేము దయాళువులనజాలము. వారి దయకు వెల చెల్లించువాడు పాలవాడు. ఒకసారి కరచిన కుక్కకు బయట మూతికి చిక్కము ఉండవలెను, పగ్గము ఉండవలెను, రేబిసు టీకా ఉండవలెను. కాటు పడినచోట పదునైదు నిమిషములు సబ్బుతో నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. బిడ్డ ప్రాణము ముందు, కుక్క శిక్షణము తరువాత.

మరి క్రౌర్యమును కోరినదెవరు? మన మైసూరు సీమలో ఆతకూరున క్రీ. శ. 950 ప్రాంతపు శాసన మొకటి కలదు. అడవిపందితో పోరాడి మడిసిన కాళి యను వేటకుక్కకు యజమాని నిలిపిన రాయి అది. తాను కోరిన తెగువకు ఆయన గౌరవము చెల్లించెను. మనమో రాత్రి దొంగకు పులిగను, పగలు చుట్టమునకు లేగదూడగను ఉండుమని ఒకే కుక్కను గొలుసున కట్టి ఆజ్ఞాపింతుము. రుక్మిణీదేవి అరుండేలు రాజ్యసభలో చేసిన కృషి ఫలముగ వచ్చిన 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టములో కొట్టుటతోపాటు, పొట్టి గొలుసున మితిమీరిన కాలము కట్టివేయుటయు, ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను త్రిప్పకుండుటయు నేరములుగ చెప్పబడినవి. 2024 మార్చిలో 23 జాతులను నిషేధింపుమని కేంద్రము పంపిన ఉత్తరువును ఏప్రిలులో మన కర్ణాటక హైకోర్టు కొట్టివేసెను. జాతికి పేరు పెట్టి నిషేధించినను గొలుసు పొడవు పెరుగదు గదా.

సైన్యపు పెద్దమనిషి ఇంకను మాతో ఏకీభవింపలేదు. "మీ ముక్కలు నా జీతానికి గిట్టవు సామీ" అనెను. కాని ఆయన కుక్క మూతికి తోలు చిక్కము వచ్చినది. ప్రాతఃకాలమున దానిని పగ్గముతో బంగారు మన్ను దిబ్బలవైపు నడిపించుకొని పోవుచున్నారు; నడుమునకు బెల్టు మాత్రము అట్లే ఉన్నది.