చంపవద్దన్న తర్వాత...

 

గత సంవత్సరం మా పట్టణంలోని ఒక పాఠశాలవారు ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం: ‘తల్లి గర్భంలోని శిశువుకూ జీవించే హక్కు ఉంది’. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా రాయవచ్చు. దిద్దడానికి ఇద్దరు ఉపాధ్యాయులతో పాటు నన్నూ పిలిచారు. నలభైకి పైగా వ్యాసాలు వచ్చాయి. పిల్లలు శ్రద్ధగానే రాశారు. అయితే ఎక్కువ వ్యాసాల్లో ఒకే మాట: ఆడపిల్లను చంపేస్తే రేపు తల్లి ఉండదు, చెల్లి ఉండదు, భార్య ఉండదు. నిజమే. కానీ ఎవరికో భార్యగా పనికొస్తుంది కాబట్టి ఆమెను బ్రతకనివ్వాలా? ఆమె ప్రాణం అల్లాహ్ ఇచ్చినది. ఆ ఒక్క కారణం చాలదా?

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి మాత్రం ఒకటిన్నర పేజీయే రాసింది. తాము ముగ్గురు అక్కచెల్లెళ్ళమనీ, మూడో పాప పుట్టిన రోజు దాదీ అన్నం ముట్టలేదనీ, ‘మగపిల్లలు ఎంతమంది?’ అని ఎవరైనా అడిగితే అమ్మీ తల దించుకుంటుందనీ రాసింది. చివర ఒక ప్రశ్న వేసింది. ‘చంపవద్దు అని అందరూ చెబుతున్నారు. చంపకుండా వదిలిన తర్వాత మా అబ్బాకు ఎవరు సాయం చేస్తారు?’

పోటీ నియమం ప్రకారం వ్యాసంలో ఆయతులు, హదీసులు ఉండాలి. ఆమె వ్యాసంలో ఒక్కటీ లేదు. మొదటి బహుమతి అయిదు ఆయతులు రాసిన మరో విద్యార్థికి ఇచ్చాం. నేనూ సంతకం చేశాను. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆమె రాయని ఆయతులు సరిగ్గా ఆ ప్రశ్న గురించే అవతరించాయి.

దివ్య ఖుర్ఆన్‌లో సంతానాన్ని చంపవద్దన్న ఆజ్ఞ రెండు చోట్ల దాదాపు ఒకే రకమైన మాటల్లో వస్తుంది. అన్‌ఆమ్ సూరా 151వ ఆయతులో పేదరికం కారణంగా చంపవద్దని ఉంది. అంటే తండ్రి ఇప్పటికే పేదవాడు. అతనికి ముందు తన ఆకలే కనిపిస్తుంది. అందుకే అక్కడ అల్లాహ్ ముందు తల్లిదండ్రుల ఉపాధికి హామీ ఇచ్చి, ఆ తర్వాత పిల్లల ఉపాధిని ప్రస్తావించాడు. బనీ ఇస్రాయీల్ సూరా 31వ ఆయతులో మాత్రం పేదరికం వస్తుందేమోనన్న భయంతో చంపవద్దని ఉంది. ఇతనికి నేడు తిండి ఉంది, రేపటి గురించి దిగులు. అక్కడ ముందు పిల్లల ఉపాధికి హామీ ఉంది, తర్వాత తల్లిదండ్రులకు. సుబ్‌హానల్లాహ్! ఎవరి భయానికి తగ్గట్టు వారికి ఓదార్పు. నేడు స్కానింగు కేంద్రం మెట్లెక్కుతున్నవారిలో చాలామంది ఈ రెండో కోవకు చెందినవారే.

ఇది మన ఇళ్ళలో లేదని అనుకోవద్దు. పుట్టబోయే శిశువు ఆడో మగో చెప్పడాన్ని ప్రభుత్వం 1994లోనే చట్టం చేసి నిషేధించింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు 2001 జనాభా లెక్కల్లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి 939 మందే మిగిలారు. ఆ లెక్కలో అన్ని మతాలవారూ ఉన్నారు.

ఈ సందర్భంగా కొందరు మసలా అడుగుతారు. నూట ఇరవై రోజుల తర్వాత గర్భంలో ఆత్మ ఊదబడుతుందన్న హదీసు ఆధారంగా, ఆ తర్వాత గర్భస్రావం హరామ్ అని ఫుఖహాలు చెప్పారు. తల్లి ప్రాణానికే ముప్పు ఏర్పడితే ఆ విషయం వేరు. అంతకు ముందు సరైన ఉజ్ర్ ఉంటే కొందరు హనఫీ ఫుఖహాలు అనుమతించారు. కానీ ఆడపిల్ల కావడం ఉజ్ర్ అని ఎవరూ అనలేదు. హుజైల్ తెగకు చెందిన ఇద్దరు స్త్రీలు కొట్లాడుకున్నప్పుడు ఒకామె విసిరిన రాయి వల్ల రెండో ఆమె గర్భంలోని శిశువు మరణించింది. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆ శిశువుకు ప్రత్యేకంగా పరిహారం విధించారు. ఇంకా లోకం చూడని ప్రాణానికి కూడా ఆయన న్యాయస్థానంలో లెక్క ఉంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ప్రవక్త పదవికి ముందే మక్కాలో జైద్ బిన్ అమ్ర్ బిన్ నుఫైల్ అనే ఏకదైవారాధకుడు ఉండేవారు. ఎవరైనా తన కూతుర్ని చంపబోతున్నాడని తెలిస్తే ఆయన అడ్డుపడేవారు. చంపవద్దని చెప్పి ఊరుకోలేదు, ఆమె ఖర్చు తాను భరిస్తానని చెప్పి తీసుకువెళ్ళేవారు. పిల్ల పెద్దదయ్యాక తండ్రి దగ్గరకు వెళ్ళి, కావాలంటే తీసుకుపొమ్మనీ, లేదంటే ఇకముందు కూడా తానే చూసుకుంటాననీ చెప్పేవారు. మనం వ్యాసాలు రాయించాం, ఉపన్యాసాలు ఇచ్చాం. ఆయన ఖర్చు భరించారు.

మన సంగతి చూడండి. కొడుకు పెళ్ళికి జోడే కీ రఖమ్ అడిగే తల్లి, పక్కింట్లో కోడలికి మళ్ళీ ఆడపిల్లేనట అని జాలిపడుతుంది. ఆ పక్కింటివారి భయానికి తన వంతు చేర్చింది తానేనని ఆమెకు తోచదు. మగపిల్లవాడికి రెండు మేకలతో అఖీఖా చేసి బిర్యానీ పంచినవారు, మూడో ఆడపిల్లకు ఒక్క మేక కోయడానికి వచ్చే నెల అంటారు. ఆ నెల రాదు. అఖీఖా చేసే స్తోమత లేకపోతే వేరు, కానీ ఆ ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళి ముబారక్ చెప్పడానికి బంధువులకు అడ్డేమిటి?

నేనూ తప్పించుకోలేను. రఖమ్ చేతులు మారిందని తెలిసి కూడా ఎన్నో నికాహ్‌లు చదివాను. ఆ వ్యాసం చదివిన తర్వాత, ముందుగా లేన్‌దేన్ గురించి అడుగుతున్నాను. రమజాన్ తర్వాత ఒక పెళ్ళికుమారుని తండ్రిని అడిగితే నవ్వి, “మౌలానా, అది మా రెండిళ్ళ మధ్య మాట” అన్నారు. నేను రానన్నాను. వారు మరొకరితో చదివించుకున్నారు. వధువు తండ్రికి నా వల్ల ఒక్క రూపాయి భారం తగ్గలేదు. ఆయనకు ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు. మస్జిద్ కమిటీవారితో కలిసి వచ్చే జుమా తర్వాత ఆ ఇంటికి వెళుతున్నాం, ఆ ఇద్దరి చదువు ఖర్చు గురించి మాట్లాడడానికి.