వాయిదాలకీ ఓ పద్దు

పని వాయిదా వెయ్యడం తప్పని చిన్నప్పటినించీ వింటున్నాం. ఆ మాట చెప్పినవాళ్ళెవరూ నాలుగు రోజులు ఇల్లు నడిపి ఉండరని నా అనుమానం. పొయ్యిమీద పప్పూ, చేతిలో చీర ఫాలూ, గుమ్మంలో చుట్టాలూ ఒక్కసారే ఉంటే, ఏదో ఒకటి రేపటికి తొయ్యక తప్పదు కదా! అంచేత వాయిదా ఎలా వెయ్యాలో నేర్పేవాళ్ళు కావాలి మనకి. చిత్రం ఏమిటంటే, ఆ విద్యని పద్ధతిగా సాధన చేసేవాళ్ళు విమానాలు బాగుచేసేవాళ్ళు.

విమానంలో ఏ చిన్న వస్తువు చెడినా అది నేల విడవదని మనం ధైర్యంగా కూర్చుంటాం. అలా అయితే సగం విమానాలు షెడ్డులోనే ఉండిపోతాయి. ఏవేవి పనిచెయ్యకపోయినా, ఏ షరతులతో, ఎన్నాళ్ళు ఎగరొచ్చో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ అంటారు. చాలా లోపాలకి అందులో గడువులున్నాయి: బి తరగతికి 3 రోజులు, సి తరగతికి 10, డి తరగతికి 120. కనిపెట్టి రాసిన రోజు లెక్కలోకి రాదు. మన దేశంలోనూ ఇదే పద్ధతి. లోపాన్ని పుస్తకంలో ఎక్కించి, పనిచెయ్యడం లేదని చీటీ కూడా అంటిస్తారు, తరవాత వచ్చే పైలట్ చూసుకోవడానికి. రెక్కలూ తోకా లాంటివి మాత్రం ఆ జాబితాలో ఉండవు. అవి లేకుండా ఎగరడమనే మాటే లేదు గనక.

ఇక చిన్న ఊళ్ళమధ్య తిరిగే చిన్న కంపెనీ సంగతి చూడండి. ఉన్నవే నాలుగైదు విమానాలు. ఒకటి ఆగితే ఓ ఊరికి ఆ పూట ప్రయాణం లేనట్టే. ఈ వాయిదాల పద్దు చూసే ఉద్యోగికి ఎవరూ దండలు వెయ్యరు. గడువు మూడోరోజు సాయంత్రం అయింది, రావలసిన సామాను రాలేదు, పొద్దున్న ప్రయాణానికి టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయి. అప్పుడొక దొంగదారి కనిపిస్తుంది. ‘బాగుచేశాం’ అని ఆ పద్దు కొట్టేసి, మర్నాడు అదే లోపాన్ని ఇప్పుడే చూసినట్టు కొత్త తేదీతో రాస్తే సరి! మళ్ళీ మూడురోజులు. పుస్తకం చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటుందో!

మన ఊళ్ళలో ప్రోనోటు తిరగరాయడం ఉంది చూశారూ, అలాంటిదే ఇది. కాకపోతే అక్కడ అప్పిచ్చినవాడు ఎదురుగా కూర్చుని ఒప్పుకుంటాడు. ఇక్కడ అప్పిచ్చినవాడు పన్నెండో నంబరు సీట్లో పిప్పరమెంటు చప్పరిస్తూ, కిటికీలోంచి మబ్బులు చూస్తున్నాడు. తన ప్రాణం మీద నోటు తిరగరాశారని అతనికి తెలీదు. ఈ పనిలో తప్పంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

అసలు రాయనే రాయకపోతే? 1991 సెప్టెంబరు 10 రాత్రి, అమెరికాలో హ్యూస్టన్ షెడ్డులో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వాళ్ళ చిన్న విమానానికి పని జరిగింది. తోకమీది అడ్డరెక్క అంచుకి మంచు పేరుకోకుండా ఉండే రబ్బరు తొడుగులు మార్చాలి. సాయంత్రం జట్టు ఎడమవైపు పైభాగాన 47 మరలు ఊడదీసింది. ఇంతలో వేళ మారింది, జట్టు మారింది. ఆ మరల సంగతి తరవాతివాళ్ళకి సరిగా అందలేదు. తెల్లారి విమానం లారెడోకి సుఖంగానే వెళ్ళింది. తిరిగొస్తూ ఈగిల్ లేక్ దగ్గర దిగుతూండగా ఆ అంచు ఊడిపోయింది. ఉన్న 14 మందీ పోయారు.

మరమ్మతు చేసినవాళ్ళూ తనిఖీ చేసినవాళ్ళూ పద్ధతి పాటించలేదని విచారణలో తేలింది. బోర్డు సభ్యుడు జాన్ లాబర్ మాత్రం, పద్ధతి పాటించే వాతావరణం ఏర్పరచని యాజమాన్యాన్ని కూడా కారణాల్లో చేర్చాలని విడిగా రాశాడు. నాకాయన మాటే న్యాయంగా తోస్తుంది. మర తీసిన చెయ్యి అందరికీ కనిపిస్తుంది, తొందరపెట్టిన గొంతు కాయితం మీద కనిపించదు.

మన ఇళ్ళలో ఈ పద్దంతా ఆడవాళ్ళ బుర్రలోనే ఉంటుంది. గ్యాసు ట్యూబు ఎప్పుడు మార్చాలో, మామగారి బి.పి. మాత్రలు ఎన్ని మిగిలాయో, పిల్లకి టీకా ఎప్పుడో అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతారు. తన రొమ్ములో చేతికి తగిలిన గడ్డ సంగతి అడగండి. ‘దసరా వెళ్ళనీ’ అంటుంది. దసరా వెళ్ళాక పిల్లాడి పరీక్షలు, పరీక్షలయ్యాక ఆడబడుచు పురుడు. ప్రతిసారీ నిన్ననే కనిపెట్టినట్టు కొత్త తేదీ! నా ఒళ్ళు నా ఇష్టం, ఎవరి ప్రాణం మీద నోటు రాశానూ అని అడగొచ్చు. సబబే. కాని ఆ విమానంలో ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చున్నారు కదమ్మా, వాళ్ళకి చీటీ కూడా కనిపించదాయె.

మా పిన్ని వంటింటి క్యాలెండరులో, పాలలెక్క పక్కన ‘మోకాలు’ అని రాసి ఓ తేదీ వేసుకుంది. ఆ తేదీ దాటిపోయింది. దాన్ని చెరపకుండా కిందనే ఇంకో తేదీ వేసింది. మొన్న కాఫీ కోసం వంటింట్లోకి వచ్చిన బాబాయి రెండూ చూసి, ‘ఎవరిదే ఈ మోకాలు?’ అన్నాడుట.