తప్పినవాళ్లకు ఆశీర్వాదం లేదా?



1953వ సంవత్సరం మే నెలలో ఒక ఆదివారం. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ అనే పేట. అక్కడి పునీత ఫ్రాన్సిస్ శౌరివారి దేవాలయంలో దివ్యబలిపూజ జరుగుతోంది. వేడికి జనం అల్లాడిపోతున్నారు. హెర్బర్ట్ రెడ్మండ్ అనే గురువులు ప్రసంగానికి లేచారు. ఈ ఉక్కలో ప్రసంగం వద్దని, ఇళ్లకు వెళ్లి దేవుని ఆజ్ఞలు పాటించమని, గిల్ హాడ్జెస్ కోసం ఒక ప్రార్థన చెప్పుకోమని రెండు ముక్కల్లో చెప్పి ముగించారు. (మా ఫాదర్‌గారు ఇలాంటి ప్రసంగం ఎప్పుడు చెబుతారో అని మీలో ఎవరైనా అనుకుంటే నేను నొచ్చుకోను.)

ఎవరీ గిల్ హాడ్జెస్? రోగి కాదు, ఖైదీ కాదు. బేస్‌బాల్ ఆటగాడు. బేస్‌బాల్ అంటే మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. బంతి విసిరేవాడు ఒకడు, బ్యాటు పట్టేవాడు ఒకడు. వికెట్లు ఉండవు. బంతిని కొట్టి, నాలుగు మూలల్లో ఉన్న గుర్తులను వరుసగా తాకుతూ చుట్టి వస్తే ఒక పరుగు. హాడ్జెస్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టువాడు. ఇండియానా రాష్ట్రంలో బొగ్గుగని కార్మికుని కొడుకు, కతోలికుడు, బ్రూక్లిన్ అమ్మాయిని పెళ్లాడి ఆ పేటకే అల్లుడైనవాడు. 1952లో అమెరికా అంతా చూసే ఆఖరి పోటీల్లో, ఏడు ఆటల్లో, లెక్కకు వచ్చే 21 అవకాశాల్లో ఒక్కసారి కూడా బంతిని సరిగా కొట్టలేకపోయాడు. జట్టు ఓడిపోయింది. 1953లో కొత్త పోటీలు మొదలైనా అదే వరస. చివరికి మేనేజరు అతన్ని పక్కన కూర్చోబెట్టాడు.

జీతం తీసుకుని ఆడే ఆటగాడు ఇంత ఘోరంగా విఫలమైతే జనం ఏం చేస్తారు? మనకు తెలుసు. ఈలలు వేస్తారు, ఇంటి మీద రాళ్లు కూడా వేస్తారు. బ్రూక్లిన్‌వాళ్లు మాత్రం అతనికి ఉత్తరాలు రాశారు, జపమాలలు పంపారు, పునీతుల పతకాలు పంపారు. అతను మైదానంలోకి వస్తే చప్పట్లు కొట్టారు. ఆ గురువులు రెండు మాటలు చెప్పింది ఆ జనం మనసులో ఉన్నదే.

ప్రార్థన వల్లనే బ్యాటు పలికిందని నేను చెప్పబోవడం లేదు. చార్లీ డ్రెస్సెన్ అనే ఆ మేనేజరు హాడ్జెస్ ఆడుతుండగా ఫిల్మ్ తీయించి, కాలు ఎక్కడ తప్పుగా పడుతున్నదో అతనికే చూపించాడు. అదీ కావాలి. ఏమైతేనేం, ఆ ఏడాది ముగిసేసరికి హాడ్జెస్ 31 హోమ్ రన్లు కొట్టాడు, అంటే మన భాషలో సిక్సర్లవంటివి. 1955 అక్టోబరు 4న బ్రూక్లిన్ జట్టు తన చరిత్రలో మొట్టమొదటిసారి ఛాంపియన్ అయిన ఆట 2-0 తో ముగిసింది. ఆ రెండు పరుగులూ అతని బ్యాటు పుణ్యమే. 1972 ఏప్రిల్ 2న, సరిగ్గా పునరుత్థాన పండుగనాడు, గుండెపోటుతో కన్నుమూశాడు. 2022లో బేస్‌బాల్ మహామహుల వరుసలో అతని పేరు చేర్చారు.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఎందుకో చెబుతాను.

ఒక ఏడాది, ఇంటర్ ఫలితాలు వచ్చిన ఆదివారం, పూజ చివర ఫస్టు క్లాసులో పాసయిన పిల్లలను పీఠం ముందుకు పిలిచాను. తొమ్మిదిమంది వచ్చారు. ఒక్కొక్కరి తలపై చేయి ఉంచి ఆశీర్వదించి, ఒక పెన్ను, ఒక జపమాల ఇచ్చాను. జనం చప్పట్లు కొట్టారు. నాకు సంతోషంగానే ఉంది. జనం బయటికి వెళ్లాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. కొత్తూరు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అడిగింది: "ఫాదర్‌గారూ, తప్పినవాళ్లకు ఆశీర్వాదం లేదా?"

ఆమె కొడుకు రెండు సబ్జెక్టులు తప్పాడు. ఆ పూజకు వచ్చాడు కూడా. ఆఖరి వరుసలో గోడకు ఆనుకుని నిలబడి, నా ఆశీర్వాదం ఎవరికో చూసి వెళ్లిపోయాడు. ఆ తొమ్మిదిమందికి చదువు ఎలాగూ వచ్చింది. ఆ పూట ఆశీర్వాదం అవసరమైన బిడ్డను నేను గోడ దగ్గరే వదిలేశాను.

ఇది చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లోనే మన తెలంగాణలో ఇరవైమంది వరకు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని పెద్ద గొడవ అయింది, కమిటీ వేశారు, ఫెయిలైన వాళ్ల పేపర్లు మళ్లీ చూశారు. ఆ పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. వాళ్లందరూ ఎవరి ఇళ్లలోవాళ్లో. ఎవరో ఒకరు మార్కులు అడిగి ఉంటారు.

ఇప్పుడు మన ఆటకు, మన ఊరి దారికి వద్దాం. కొత్తూరువాళ్లకు తల ఎత్తితే విమానాలు. ఆ శంషాబాద్ విమానాశ్రయంలో 2021 జనవరి 21న ఒక యువకుడు దిగాడు. పేరు మహమ్మద్ సిరాజ్, హైదరాబాదు ఆటో డ్రైవరు కొడుకు. ఆస్ట్రేలియా పర్యటన మొదట్లోనే, 2020 నవంబరులో తండ్రి చనిపోయాడన్న కబురు అందింది. ఇంటికి వెళ్లవచ్చని క్రికెట్ బోర్డు చెప్పినా, తండ్రి కోరిక నెరవేర్చాలని అక్కడే ఉండిపోయాడు. సిడ్నీలో ప్రేక్షకుల నుంచి దూషణలు భరించాడు. బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. గెలిచి వచ్చినవాడు ఇంటికైనా పోకుండా, విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరకు వెళ్లాడు. ఆ ముస్లిం సోదరుని పితృభక్తి మీద ఒక ప్రసంగం చెప్పవచ్చు. నేను చెప్పదలచుకున్నది అది కాదు, అతని తప్పు గురించి.

2025 ఆగస్టు 3, ఆదివారం. లండన్‌లోని ఓవల్ మైదానం. ఇంగ్లండ్‌తో ఐదో టెస్టు నాలుగో రోజు. ఇంగ్లండ్ గెలవాలంటే 374 పరుగులు కావాలి. హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉన్నాడు. ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతిని గాల్లోకి లేపాడు. సిరాజ్ చక్కగా పట్టాడు. ప్రసిద్ధ్ సంబరంగా చేతులెత్తేశాడు. అంతలో పట్టిన ఊపులో సిరాజ్ కాలు వెనక్కు పడి సరిహద్దును తాకింది. ఔటు కావలసింది సిక్సరయింది. సిరాజ్ చేతులతో ముఖం కప్పుకున్నాడు. బ్రూక్ 111 పరుగులు చేశాకగాని వెళ్లలేదు. అంతకుముందు జులైలో లార్డ్స్‌లోనూ, చివరి ఆటగాడుగా నిలబడి, బంతి మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి వికెట్లను పడగొడితే భారత్ 22 పరుగులతో ఓడినప్పుడు, ఔటయింది ఇతనే. ఆ ఆదివారం రాత్రి అతనికి నిద్ర ఎలా పట్టిందో గాని, ఎన్ని ఫోన్లలో ఎన్ని తిట్లు తిట్టారో మనకు తెలుసు. మన పిల్లలూ తిట్టే ఉంటారు. నేనూ ఒక మాట అన్నాను, దాచను.

సోమవారం ఉదయం. ఇంగ్లండ్‌కు ఇంకా 35 పరుగులు చాలు, నాలుగు వికెట్లు చేతిలో ఉన్నాయి. కెప్టెన్ శుభ్‌మన్ గిల్ ముందురోజు తప్పు చేసిన ఆ చేతికే బంతి ఇచ్చాడు. సిరాజ్ ఆ పూట మూడు వికెట్లు తీశాడు. ఆఖరి వికెట్టు, అట్కిన్సన్‌ది, నేరుగా పడగొట్టాడు. భారత్ ఆరంటే ఆరే పరుగులతో గెలిచింది. ఐదు టెస్టుల్లోనూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి, 23 వికెట్లు తీసినవాడిని ఒక్క తప్పటడుగు లెక్కగట్టి పక్కన పెట్టి ఉంటే?

బంతి తిరిగి చేతికి ఇవ్వడం అనేది మన ప్రభువుకు బాగా తెలిసిన పని. యోహాను సువార్త 18వ అధ్యాయం చూడండి. పేతురుగారు ప్రభువును ఎరుగనని బొంకింది ప్రధానార్చకుని ముంగిట, బొగ్గుల నిప్పు దగ్గర చలికాచుకుంటూ. 21వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువు సరస్సు ఒడ్డున మళ్లీ బొగ్గుల నిప్పే వేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, ఆయన్ను ఫలహారానికి పిలిచారు. గ్రీకు మూలంలో ఆ రెండుచోట్లా ఒకే మాట ఉంది, నూతన నిబంధనలో మరెక్కడా లేదు. ఎక్కడ జారాడో అక్కడికే తీసుకువచ్చారు. ముందు తిండి పెట్టారు. ఎందుకు బొంకావు అని అడగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, మందను ఆయన చేతికే అప్పగించారు.

అదే రాత్రి తప్పిన మరొకడున్నాడు. యూదా. మత్తయి సువార్త 27వ అధ్యాయం నాకు చదవడానికి భయం వేస్తుంది. అతడు పశ్చాత్తాపపడ్డాడు. వెండినాణెములు తిరిగి పట్టుకుని వెళ్లాడు. నేను పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు. ఎవరి దగ్గర? దేవాలయపు అర్చకుల దగ్గర. వాళ్లు, దానితో మాకేమి పని, నీవే చూసుకో అన్నారు. ఆ తరువాత జరిగింది మీకు తెలుసు. అతని పాపం చిన్నదని నేను అనడం లేదు. ప్రభువు నిప్పు వేసి చేపలు కాల్చేవరకు పేతురుగారు తోటి శిష్యుల నడుమ ఉన్నారు. ఇతనికి ఎదురైంది మాత్రం మావంటి అర్చకులు, ఆ ఒక్క మాట. ఆ తల్లి నన్ను అడిగిన రోజు రాత్రి నాకు ఈ అధ్యాయమే గుర్తుకు వచ్చింది.

ఆ తరువాతి ఆదివారం పరీక్ష రాసిన పిల్లలందరినీ పిలిచాను. పాసైనవారు, తప్పినవారు అని చెప్పలేదు. ఆ అబ్బాయి ముందుకు రాలేదు. ఎలా వస్తాడు? అందరికీ తెలిసిపోయాక నేను ఆలస్యంగా తెరిచిన తలుపు అది. సాయంత్రం ఉపదేశిగారిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని క్రికెట్ మాట్లాడుకున్నాం. వచ్చేముందు తల వంచమంటే వంచాడు. సప్లిమెంటరీలో ఒక సబ్జెక్టు గట్టెక్కాడు, ఇంకొకటి మిగిలింది. మన విచారణలోనే లెక్కలు చెప్పగల టీచరమ్మ ఒకరు వారానికి రెండు సాయంత్రాలు అతనికి చెబుతున్నారు. హాడ్జెస్‌కు ఫిల్మ్ చూపించిన మేనేజరులాగే ఆమె కూడా ఎక్కడ తప్పుతున్నాడో చూపిస్తున్నారు. తిట్టడం లేదు.

మీ విచారణలోనూ ఫలితాలు వస్తాయి. విశ్వాసుల ప్రార్థనలో తప్పినవారిని కూడా తలచుకోండి, పేర్లు మాత్రం చదవకండి. పిల్లలే కాదు, గల్ఫ్ నుంచి అప్పుతో తిరిగివచ్చినవాడు, కొట్టు మూతపడినవాడు, తాగుడు మానేసి మళ్లీ మొదలుపెట్టి ఇప్పుడు గుడి మెట్లెక్కడానికి సిగ్గుపడుతున్నవాడు కూడా ఉంటారు. వీలైతే ఈ వారమే ఆ ఇంటికి వెళ్లండి. వాళ్లు టీ ఇస్తే తాగండి, మార్కుల ఊసు మాత్రం ఎత్తకండి.