పూత కింది గుణం: కొత్త ఇంటి కొనుగోలులో ప్రమాణ విచారం

కొత్తగా కట్టిన ఇంటిని కొనేవారు దేనికి ఎక్కువ సొమ్ము చెల్లిస్తారో దానినే చూడలేరు. పునాది మట్టిలో ఉంటుంది, ఇనుప ఊచలు కాంక్రీటులో ఉంటాయి, కాంక్రీటు ప్లాస్టరింగ్ వెనుక, ప్లాస్టరింగ్ పుట్టీ రంగుల వెనుక దాగి ఉంటాయి. కంటికి ఆనేవి నేలమీది టైల్సు, తలుపుల మెరుగు, ప్రవేశద్వారం దగ్గరి గ్రానైటు మాత్రమే. అందువల్ల లౌకికమైన ఈ వ్యవహారంలో భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు చర్చించిన ప్రశ్న ఒకటి ఇమిడి ఉంది: ఇంద్రియాలకు అందని దానిని మనిషి ఏ సాధనంతో, ఎంత నిశ్చయంగా తెలుసుకోగలడు? దాని వెంటనే ధర్మానికి చెందిన రెండో ప్రశ్న వస్తుంది: లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, ఆ తెలిసినవాడి బాధ్యత ఎంతవరకు ఉంటుంది?

యథార్థ జ్ఞానానికి సాధనమైన దానిని న్యాయదర్శనం ప్రమాణం అంటుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని దానిని నాలుగు విధాలుగా విభజిస్తుంది. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ విభాగాన్ని బాలురకు సైతం బోధపడేలా కూర్చాడు. వీటిలో ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం, ఇంటి విషయంలో పూర్తిగా నిరుపయోగం కాదు. స్నానాలగది నేలపై ఒక పగలు, ఒక రాత్రి నీరు నిలిపి కింది అంతస్తు కప్పులో చెమ్మ దిగిందేమో చూడవచ్చు. టైలును నాణెంతో తట్టి, డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పరచుకోలేదని గుర్తించవచ్చు. అయితే ఈ పరీక్షలన్నీ పైపొరకు సంబంధించినవే. స్తంభం ఎంత బరువు మోయగలదో కన్ను చెప్పలేదు, చెవి చెప్పలేదు.

ఇక రెండోది అనుమానం. లోకవ్యవహారంలో ఈ మాటకు సందేహమనే అర్థం ఉన్నా, శాస్త్రంలో కనిపించే గుర్తును బట్టి కనిపించని దానిని నిశ్చయించడమే అనుమానం. ఆ గుర్తును హేతువు అంటారు. హేతువున్న ప్రతిచోటా సాధ్యం, అంటే నిరూపించదలచిన విషయం, తప్పక ఉంటుందనే నియమాన్ని వ్యాప్తి అంటారు. ఈ వ్యాప్తి చెడినచోట హేతువు హేత్వాభాసమవుతుంది, అనగా హేతువులా కనిపించే దోషంగా మిగులుతుంది. కొనేవారిలో చాలామంది ఈ దోషానికే లోనవుతున్నారు. ప్రవేశమందిరం వైభవంగా ఉంది కాబట్టి కట్టడం గట్టిది అనుకోవడంలోని హేతువు సవ్యభిచారం, ఎందుకంటే అటువంటి వైభవం గట్టి కట్టడాల్లోనూ బలహీనమైన కట్టడాల్లోనూ సమానంగా ఉండగలదు. ప్రత్యేక శ్రద్ధతో సిద్ధం చేసి చూపించే మోడల్ ఫ్లాటును బట్టి, ఇంకా కట్టని పదో అంతస్తు గుణాన్ని నిర్ణయించడమూ ఇటువంటిదే.

ఇంతకంటె బలమైన హేతువు ఒకటుంది: అదే బిల్డరు ఐదారేళ్ల కిందట కట్టి అప్పగించిన ఇల్లు. కొన్ని వానాకాలాలు గడిచిన గోడ మీద చెమ్మ మరకలు, శ్లాబు అంచున పగుళ్లు, స్తంభం మొదట తుప్పు చార ఉన్నాయో లేవో చూడటం, అక్కడ కాపురమున్నవారిని అడగడం నిజమైన పరీక్ష. అయినా నైయాయికులు ఇక్కడ కూడా ఒక హెచ్చరిక చేస్తారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. తడి కట్టె తోడైనప్పుడే ఉంటుంది. ఇలా వ్యాప్తికి లోపల నిలిచి ఉండే షరతును ఉపాధి అంటారు. బిల్డరు పేరు మంచి కట్టడానికి కారణమయ్యేది అదే ఇంజనీరు, అదే మేస్త్రి బృందం, అదే పర్యవేక్షణ కొనసాగినప్పుడు మాత్రమే; పేరు నిలిచి పనివారు మారితే పాత ఇల్లు కొత్త ఇంటికి సాక్ష్యం చెప్పదు. కాబట్టి బిల్డరు ఎవరు అని అడిగి ఆగిపోకుండా, ఈ కట్టడం దగ్గర రోజూ నిలబడినది ఎవరు అని కూడా అడగాలి. కొనుగోలు సందర్భంలో వేయదగిన ప్రశ్నలలో ఇంత విలువైనది, ఇంత అరుదుగా వినిపించేది మరొకటి లేదు.

నాలుగో ప్రమాణమైన శబ్దం, అంటే నమ్మదగినవారి మాట, ఈ విచారంలో అత్యంత క్లిష్టమైనది. నమ్మదగిన వక్తను శాస్త్రం ఆప్తుడు అంటుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండటం, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పాలన్న కోరిక ఉండటం, ఈ రెండూ కలిస్తేనే ఆప్తత్వం. బిల్డరుకు మొదటిది సంపూర్ణంగా ఉంది, కాని అమ్మకం మీది ఆసక్తి రెండోదానికి అడ్డు రాగలదు. కొనేవారు డబ్బిచ్చి పిలిపించుకున్న స్ట్రక్చరల్ ఇంజనీరుకు రెండోది ఉంది, కాని అతడు వచ్చేసరికి అంతా పూతల కింద చేరిపోయింది. కాంక్రీటు పైభాగపు గట్టిదనాన్ని సూచించే రీబౌండ్ హ్యామర్ వంటి పరికరాలు అతడి అనుమానానికి బలమిస్తాయే తప్ప పోత పోసిన నాటి సంగతి చెప్పలేవు. ఈ లోటును పూడ్చగలిగేవి ఆనాడే రాసిపెట్టిన రికార్డులు. ఎం 25 రకం కాంక్రీటు అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవలసినది. పోత సమయంలో 150 మిల్లీమీటర్ల ఘనాకార దిమ్మెలుగా పోసి పరీక్షించే క్యూబ్ టెస్టు నివేదికలు, సాధారణ సిమెంటుకైతే కనీసం 7 రోజులు, ఎండ తీవ్రమైన పొడి వాతావరణంలో 10 రోజులు నీళ్లు పట్టి తడిపినట్లు చూపే క్యూరింగ్ వివరాలు, సంఘటన జరిగిన కాలంలోనే పుట్టిన సాక్ష్యాలు. అవికూడా కల్పితమై ఉండవచ్చు, నిజమే. కాని అడిగితే చూపించేవాడికీ అడిగితే విసుక్కునేవాడికీ మధ్య భేదం కూడా ఒక హేతువే.

ఇక్కడ వాస్తును ప్రస్తావించక తప్పదు, ఎందుకంటే చాలా తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేముందు అందరికంటె ముందు సంప్రదించేది వాస్తు పండితునే. ఈశాన్యం పెరిగిందా, వంటిల్లు ఆగ్నేయంలో ఉందా అని చూపే శ్రద్ధను ఆక్షేపించనవసరం లేదు, అది విశ్వాసానికి సంబంధించినది. అయితే ఆ సంప్రదాయంలోనే పరీక్షకు పెద్దపీట ఉందని మరచిపోవడం బాధాకరం. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో మూరెడు లోతు గొయ్యి తవ్వి, తీసిన మన్నును తిరిగి నింపమంటాడు. మన్ను మిగిలితే నేల ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. దిక్కుల విచారం నిలిచి మన్నుపరీక్ష జారిపోయిన వాస్తు, సంప్రదాయంలో సగమే.

ధర్మప్రశ్న విషయంలో ప్రాచీనులు స్పష్టంగానే మాట్లాడారు. కల్తీ అయినదానిని, సారహీనమైనదానిని, దోషం కప్పిపెట్టినదానిని అమ్మరాదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం విధిస్తుంది. కొన్నాక కలిగే పశ్చాత్తాపాన్ని క్రీతానుశయం అనే వివాదపదంగా స్మృతులు పరిగణించాయి. యాజ్ఞవల్క్యుడు విత్తనాలకు 10 రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు లాగే పశువులకు 5 రోజులు, రత్నాలకు 7 రోజులు పరీక్షాకాలం ఇచ్చాడు. ఆ స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. ఈ గడువుల్లో ఒక యుక్తి కనిపిస్తుంది: వస్తువు తన గుణాన్ని బయటపెట్టడానికి పట్టేంత కాలమే పరీక్షకు తగిన కాలం. ఆ లెక్కన ఇంటికి కనీసం ఒక వానాకాలమైనా కావాలి.

రోమనులలో సిసెరో, క్రీస్తు పూర్వం 44లో రాసిన కర్తవ్యాల గ్రంథంలో, సరిగ్గా ఇటువంటి ఇంటినే ఉదాహరణగా తీసుకున్నాడు: నాసిరకం కలపతో కట్టినది, పాములు చేరేది, ఆ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియనిది. చెప్పకపోవడం దాచడం కాదని తత్త్వవేత్త డయోజినిస్ పక్షం. తెలిసి కొనేవాణ్ణి నష్టంలోకి నడవనివ్వడం మోసమేనని మరో తత్త్వవేత్త ఆంటిపేటర్ పక్షం. సిసెరో తీర్పు రెండో పక్షానికే. భారతదేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా 55వ సెక్షనులో, ఒప్పందం వేరుగా లేనప్పుడు, సాధారణ జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని తెలిసిన అమ్మకందారు చెప్పి తీరాలంటుంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, జనం రెరా అని పిలిచేది, మరో అడుగు వేసి, ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణలోపం తన దృష్టికి తెస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 14వ సెక్షనులో విధించింది. బిల్డరుకు ఆ లోపం తెలుసా అన్న ప్రశ్నే ఇక్కడ అవసరం లేదు. జ్ఞానభారాన్ని కొనేవాడి భుజం నుంచి కట్టినవాడి భుజానికి మార్చిన ఈ నిబంధన, న్యాయదృష్టిలో చిన్న మార్పు కాదు.

అయినా ఐదేళ్లు చాలని లోపాలున్నాయి. ఊచల చుట్టూ ఉండవలసిన కాంక్రీటు కవరు పలచబడితే, గాలిలోని బొగ్గుపులుసు వాయువు త్వరగా లోపలికి చేరి, ఇనుమును కాపాడే క్షారగుణాన్ని హరిస్తుంది. ఆపైన తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇది బయటపడేసరికి చట్టం ఇచ్చిన గడువు దాటిపోవచ్చు. అప్పుడు యజమాని నోట తమ ప్రాప్తం ఇంతేనన్న మాట వస్తుంది. ఈ మాటను దర్శనాలు సమర్థించవు: కనిపించే కారణం దొరికినచోట కనిపించని కారణాన్ని కల్పించరాదన్నది మీమాంసకుల స్థిరమైన నియమం. కవరు తగ్గడానికి కారణం సెంట్రింగు రోజున ఊచల కింద దిమ్మెలు పెట్టకపోవడం. అది ఒక మనిషి చేసిన పని, మరొక మనిషి చూసీ ఊరుకున్న పని.

కాబట్టి కట్టేవారు పూత వేయకముందే కొనేవారిని పిలిచి చూపించాలి. కొనేవారు గృహప్రవేశ ముహూర్తం కంటె ముందు క్యూబ్ టెస్టు నివేదికలు అడగాలి, అప్పగింత తేదీని రాతపూర్వకంగా తీసుకోవాలి, లోపం కనిపించిన రోజునే రాసి పంపాలి. చట్టం ఇచ్చిన ఐదేళ్లు ఆ తేదీ నుంచే లెక్కకు వస్తాయి.