పాపానికి పాలివారెవరు?

దొంగను శిక్షించే చట్టం ఎంత ప్రాచీనమైనదో, దొంగను గూర్చి ముచ్చటపడి చెప్పుకొనే కథ కూడ అంత ప్రాచీనమైనదే. నేరస్థునికి తగిన శిక్ష పడవలెనని పగలు వాదించిన మనిషే, రాత్రి అరుగుమీద కూర్చుండి వాని సాహసాలను పిల్లలకు వర్ణించి చెప్తాడు. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నం వేయబోయి, కొలతాడు మరచి వచ్చినందున తన జందెమునే కొలతాడుగా వాడుకొంటాడు. దాస్యంలో ఉన్న మదనికను విడిపించుకొనుటకు ఆతడా పనికి పూనుకొన్నాడు. ఆ ఘట్టాన్ని చదివే రసికుడు శర్విలకుడు పట్టుబడవలెనని కోరడు. కన్నం చక్కగా కుదరవలెననే కోరుతాడు. చారుదత్తుడు ఎంత సజ్జనుడో తెలిసియుండి కూడ అట్లే కోరుతాడు. సాహిత్యం మనిషి మనస్సుపై జరిపే పరీక్షలలో ఇది ఒకటి.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ ముచ్చటకు ఒక కొత్త రూపం ఏర్పడినది. 1930 ప్రాంతపు అమెరికా చలనచిత్రాలలో ముఠానాయకుడు చాలవరకు ఒంటరివాడు. షికాగో నగరపు అల్ కాపోన్‌కు 1931లో ఆదాయపు పన్ను ఎగవేసిన నేరంపై 11 ఏండ్ల శిక్ష పడినది. మరుసటి యేడు వెలువడిన ‘స్కార్‌ఫేస్’ చిత్రం అతని జీవితాన్ని తలపించే కథను చూపినది. అట్టి కథలలో నాయకుడు ఒక్కడుగా పైకి వచ్చి, చివరకు ఒక్కడుగా వీథిలో కూలిపోతాడు. మారియో పూజో 1969లో ప్రకటించిన ‘ది గాడ్‌ఫాదర్’ నవల, దాని ననుసరించి ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా 1972లో తీసిన చిత్రం ఈ పద్ధతిని మార్చివేసినవి. ఇందు నేరస్థుడు ఒంటరివాడు కాడు. అతనికి భార్య ఉన్నది, కొడుకులున్నారు, కూతురి పెండ్లి ఉన్నది, మనుమని జ్ఞానస్నానం ఉన్నది. హత్య ఒక వృత్తి కాగా, ఆ వృత్తికి ఒక వంశం ఏర్పడినది. భారతదేశంలో మణిరత్నం ‘నాయకన్’ (1987), రాంగోపాల్ వర్మ ‘సర్కార్’ (2005), అనురాగ్ కశ్యప్ ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ (2012) ఈ వంశకథలోని ఏదో ఒక పాయను తమ తమ నేలలో పారించినవే.

ఈ కథలంటే ఇంత మక్కువ ఎందుకు? హింసను చూచి ఆనందించే నీచస్వభావం మనిషిలో ఉన్నదని ఒక సమాధానం. ఆ స్వభావం ఉన్నమాట నిజమే కాని, అది మాత్రమే అయినచో యుద్ధకథలూ వేటకథలూ చాలును. పెండ్లి పందిరిలో మొదలయ్యే కథ అక్కరలేదు.

రెండవ సమాధానం ఇంతకంటె లోతైనది. ‘గాడ్‌ఫాదర్’ కథ మొదలయ్యేది దొంగతో కాదు, చట్టాన్ని నమ్మిన ఒక గృహస్థుతో. శవసంస్కారాలు చేయించే వృత్తిలో ఉన్న బొనసేరా అనే అతని కూతురిని ఇద్దరు యువకులు చావగొట్టినారు. న్యాయస్థానం వారికి శిక్ష విధించినట్లే విధించి, అమలు జరుపకుండ యింటికి పంపినది. అవమానం భరించలేని ఆ తండ్రి డాన్ కార్లియోనె వద్దకు పోయి న్యాయం అడుగుతాడు. ధర్మాసనం ముందు నిలిచి రిక్తహస్తాలతో తిరిగివచ్చిన ప్రతి మనిషికీ ఆ తండ్రి బంధువే. ఏండ్ల తరబడి వాయిదాలు తిరిగిన రైతు, లంచం ఇవ్వలేక ఓడిన వ్యాజ్యదారు, ఒక్క పిలుపుతో పని జరిపించే ఆ పెద్దమనిషిని చూచినప్పుడు లోలోపల ఊరట పొందుతారు. ఈ కోరికను తప్పుపట్టరాదు. అది న్యాయం కోసం పుట్టిన కోరికయే. అయితే డాన్ ఇచ్చేది న్యాయం కాదు, అప్పు. ఏదో ఒకనాడు అడిగిన సాయం చేయవలెనన్న షరతుపై అతడు దానిని ఇస్తాడు. న్యాయస్థానంలో ఓడినవాడు పౌరుడుగానే మిగిలినాడు. ఇక్కడ గెలిచినవాడు బాకీదారైనాడు.

కాని ఈ సమాధానం కూడ వంశం యొక్క ఆకర్షణను పూర్తిగా వివరించలేదు. న్యాయం చేయుటకు ఒక్క బలవంతుడు చాలును. అతనికి కొడుకు లెందుకు? ఈ ప్రశ్నకు సమాధానం భారతదేశపు పాతకథ ఒకదానిలో దొరుకుతుంది.

వాల్మీకి పూర్వజీవితాన్ని గూర్చిన కథ వాల్మీకి రామాయణంలో లేదు. అధ్యాత్మ రామాయణం వంటి తరువాతి గ్రంథాలలో ఉన్నది. బాటసారులను దోచి కుటుంబాన్ని పోషించే బోయ ఒకడు ఋషుల నడ్డగించినాడు. నీవు చేసే యీ పాపంలో నీ భార్యాపుత్రులు పాలు పంచుకొంటారా, పోయి అడిగి రమ్మన్నారు ఋషులు. అతడు యింటికి పోయి అడిగినాడు. నీవు తెచ్చినది తినుటకు మేమున్నాము గాని, నీ పాపం నీదే అని వారు చెప్పినారు. ఆ మాటతో అతని జీవితం తలక్రిందులైనది. తపస్సు, పుట్ట, కావ్యం అన్నీ ఆ తరువాతి కథ. దోచిన సొత్తుకు యింటినిండ పాలివారున్నారు. పాపానికి ఒక్క పాలివాడు లేడు. మనిషి ఒంటరితనాన్ని ఇంత నిర్దయగా చెప్పిన కథలు అరుదు.

ముఠావంశపు కథ సరిగా యీ ప్రశ్నకే ఎదురు సమాధానం చెప్తున్నది. అందు పెద్దకొడుకు తండ్రి పాపంలో పాలు పంచుకొంటాడు. చదువుకొని, యుద్ధంలో పతకాలు పొంది, ఈ వ్యవహారాలతో నాకు సంబంధం లేదన్న చిన్నకొడుకు మైకేల్ కూడ, తండ్రిపై గుండ్లు పేలిన నాడు తిరిగివచ్చి తనవంతు భారం నెత్తికెత్తుకొంటాడు. ప్రేక్షకుని గుండె కదిలేది తుపాకి మ్రోతకు కాదు. ఆసుపత్రి మంచంమీది తండ్రి ప్రక్కన ఆ కొడుకు నిలుచుండిన క్షణానికి. సత్పురుషుల యిండ్లలో కూడ కొడుకులు తండ్రుల భారాన్ని పంచుకొనని కాలంలో, నేరస్థుని యింట ఆ పంపకం జరుగుతున్నది. బోయ అడిగినప్పుడు ఇల్లు కాదన్నది; ఇక్కడ అడుగకుండగనే ఇల్లు ఔనన్నది. ఈ కథలకున్న ఆకర్షణకు మూలం ఇదే. మనిషి దొంగ కావలెనని కోరడు. తన తప్పును కూడ తనవారు తమదిగా భావించే యిల్లొకటి ఉండవలెనని కోరుతాడు.

గొప్ప కథకులకు ఈ కోరికలోని మోసం తెలుసును. 1974లో వచ్చిన రెండవ భాగం చివర మైకేల్ సొంత అన్నను చంపిస్తాడు. 1990లో వచ్చిన మూడవ భాగంలో, పలెర్మో నగరపు నాటకశాల మెట్లమీద, అతనికి గురిపెట్టిన గుండు అతని కూతురికి తగులుతుంది. కుటుంబాన్ని కాపాడుటకని చేసిన ప్రతి నేరమూ కుటుంబాన్నే తిన్నది. ‘నాయకన్’లో వేలు నాయకర్ కూతురు తండ్రిని విడిచి వెళ్ళిపోతుంది. అభిమానులు మాత్రం ఈ ఘట్టాలను మరచి, పెండ్లి పందిరినీ కుర్చీలోని తండ్రినీ జ్ఞాపకముంచుకొంటారు. కృతి కంటె దాని కీర్తి తక్కువ వివేకం కలదగుట సాహిత్యంలో కొత్త కాదు.

వంశానుగతమైన నేరమన్న భావన కథలలోనే ఉండిపోలేదు; ఈ దేశంలో అది చట్టమై కూర్చున్నది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని చేసినది. నేత, వడ్రంగం తరతరాల కులవృత్తులైనట్లే దొంగతనం కూడ కొందరికి కులవృత్తియేనన్న వాదం ఆ చట్టానికి పునాది. 1911లో అది మద్రాసు రాజధానికి కూడ విస్తరించినది. ఆ జాబితాలోనికి ఎక్కినవారు పేర్లు నమోదు చేయించుకొనవలెను, పోలీసుల యెదుట హాజరు చెప్పవలెను, ఊరు దాటుటకు చీటీ పొందవలెను. ఏ నేరమూ చేయని పిల్లవాడు కూడ పుట్టుకతోనే అనుమానితుడు. ఆంధ్రదేశంలో ఎరుకలవారు ఉప్పునూ ధాన్యాన్నీ ఊరూరికి మోసి అమ్మినవారు, బుట్టలు అల్లినవారు, సోది చెప్పినవారు. రైళ్ళు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వపు పట్టు బిగిసిన తరువాత వారి వర్తకం దెబ్బతిన్నది. బ్రతుకుతెరువు పోయిన ఆ సంచారులు ప్రభుత్వం కంటికి దొంగలుగా కనిపించినారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్టి వారికోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన నివేశం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన నియమితమైన విచారణ సంఘం ఈ చట్టాన్ని రద్దు చేయవలెనని చెప్పినది. 1952లో చట్టం రద్దైనది. పేరు మాత్రం రద్దు కాలేదు. ఆ ఊరి పేరు పెట్టుకొని 1991లో ఒక చలనచిత్రమే వచ్చినది. ఆ ఊరివారమని చెప్పుకొనుటకు జంకిన బిడ్డలు ఎందరో.

ఈ రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వానికి ఒక విషయం తెలియకపోదు. నేరం రక్తంలో ప్రవహిస్తుందన్న ఒకే భావన, కార్లియోనె కొడుకుకు సింహాసనమైనది. ఎరుకల బిడ్డకు సంకెలైనది. వెండితెరమీద వంశనేరాన్ని మెచ్చుకొనే సమాజమే, వీథిలో పేదవాని పుట్టుకను చూచి తలుపు గడియ బిగించుకొంటున్నది. అనగా మెచ్చుకొన్నది వంశాన్ని కాదు, ఐశ్వర్యాన్ని. పట్టుబట్ట కట్టిన నేరానికి ‘వారసత్వ’మని పేరు, చింకిగుడ్డ కట్టిన అనుమానానికి ‘జాతిలక్షణ’మని పేరు.

అయితే పాపానికి పాలివారెవరు? రక్తసంబంధమే పాలు అని ముఠాకథ అంటున్నది. పుట్టుకయే పాలు అని 1871 నాటి చట్టం అన్నది. మాకు పాలే లేదని బోయవాని యిల్లు అన్నది. ఈ మూడూ తప్పులే. ఆ భార్యాపుత్రుల మాట ఋషులకు ఉపకరించినది గాని, ధర్మానికి నిలువదు. తెలియని పసివాడు తిన్న అన్నానికి దోషం లేదు. సొత్తు ఎక్కడిదో తెలిసి, తెలిసినట్లు చెప్పక, రోజూ విస్తరి వేసుకొని కూర్చున్నవాడు మాత్రం పాలివాడే. రక్తం పాలు తేదు; తెలివిడి తెస్తుంది, దానిపై మౌనం తెస్తుంది. కనుకనే ఆ పాలును వదలుకొనుట కూడ సాధ్యమౌతుంది.

సాధ్యమేనని చూపినవాడు ముఠాకథల పుట్టినిల్లైన సిసిలీ ద్వీపంలోనే పుట్టినాడు. పలెర్మో సమీపంలోని చినిసి అనే ఊరిలో 1948లో జన్మించిన పెప్పినో ఇంపస్తాతో మాఫియా కుటుంబపు బిడ్డ. 1963లో, ముఠాపెద్దయైన అతని బంధువు మన్‌జెల్లా కారులో పెట్టిన బాంబు ప్రేలి మరణించినాడు. ఆ పిల్లవానికి అప్పుడు 15 ఏండ్లు. మైకేల్ కార్లియోనె వలె కత్తికి కత్తి తీయవలసిన వయస్సు అది. అతడు దానికి మారుగా ముఠానే ఎదిరించినాడు. తండ్రి యింటినుండి వెళ్ళగొట్టినాడు. 1977లో అతడు మిత్రులతో కలిసి ఒక చిన్న రేడియో కేంద్రాన్ని స్థాపించి, ఊరి ముఠానాయకుడైన బదలమెంతిని పేరు మార్చి ఎగతాళి చేసినాడు. భయపెట్టి బ్రతికేవానికి నవ్వును మించిన శత్రువు లేదు. 1978 మే 9 తెల్లవారేసరికి అతని శరీరం రైలుపట్టాల మీద ప్రేలుడు పదార్థంతో ఛిన్నాభిన్నమై దొరికినది. బాంబు పెట్టబోయి తానే చచ్చినాడని అధికారులు మొదట నమ్మించబోయినారు.

ఇక్కడ కథలలో ఉండదగిన తల్లి ఒకతె ఉన్నది. కాని ముఠాకథలు ఆమెను ఎరుగవు. వాటిలో తల్లి వంటయింటిలో ఉంటుంది, దేవాలయంలో ఉంటుంది, తలుపు మూసిన తరువాత వెలుపల ఉంటుంది. పెప్పినో తల్లి ఫెలీచియా తలుపు తెరిచినది. కొడుకు కోసం ప్రతీకారం అడుగలేదు, మౌనమూ వహించలేదు. భర్తవైపు బంధువులతో తెగతెంపులు చేసుకొని, చిన్నకొడుకుతో కలిసి న్యాయస్థానం ముందు నిలిచినది. 2002లో బదలమెంతికి యావజ్జీవ శిక్ష పడినది. అందుకు ఆమె 24 ఏండ్లు వేచినది, 2004లో కన్నుమూసినది. బొనసేరా ఒక్క దినం న్యాయస్థానాన్ని చూచి నిరాశతో డాన్ యింటికి పోయినాడు. ఆ తల్లి నిరాశకు అంతకంటె ఎక్కువ కారణముండి కూడ, డాన్ ఇండ్లున్న వీథిలోనే కాపురముండి కూడ, అటు పోలేదు.

ముఠాకథలు చదువరాదని, చూడరాదని ఇందువలన తేలదు. అవి చూపే ఆకలి నిజమైనది. న్యాయం త్వరగా దొరకవలెనన్న ఆకలి, తప్పు చేసిన నాడు కూడ విడువని యిల్లు కావలెనన్న ఆకలి మనిషికి ఉన్నంతకాలం ఆ కథలూ ఉంటవి. న్యాయస్థానాలు ఆలస్యం చేసినకొద్దీ డాన్ కుర్చీ ఎత్తు పెరుగుతూనే ఉంటుంది. ఆ దోషం కథకునిది కాదు. కాని ఆ కథలలో బోయవాని ప్రశ్న వినిపించదు, వినిపించినను దానికి రక్తమే సమాధానం చెప్తుంది. చినిసిలోని ఆ కొడుకు తండ్రి పాపంలో పాలు వద్దన్నాడు. ఆ తల్లి కొడుకు సత్యంలో పాలు కోరినది. విడువని యిల్లంటే అదియే. తన వారు చేసినదంతా ఒప్పని చెప్పే యింటికంటె, ఈ అన్నం ఎక్కడిదని నిలిచి అడుగగలిగిన యింట మనిషికి ఒంటరితనం తక్కువ. ఆ బోయవాని భార్య ఆ ప్రశ్నను ఋషుల కంటె ముందుగా తానే అడిగియుండవచ్చును. అట్లడిగినచో రామాయణానికి ఒక కవి తగ్గేవాడేమో గాని, అడవిదారిన ఎందరో బాటసారులు ప్రాణాలతో ఇల్లు చేరేవారు.