విధవరాలి నూనెయు క్లబ్బు బాకీలును

(ధ్యానభాగము: 2 రాజులు 4:1-7)

ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఎలీషా యొద్ద మొరపెట్టిన సంగతి మనమెరిగినదే. భర్త చనిపోయెను, అప్పు మిగిలెను, అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవ వచ్చియుండెను. పాత్రలు నూనెతో నిండిన అద్భుతమును మనము తరచుగా బోధింతుము. అటుపిమ్మట దైవజనుడు చెప్పిన వరుసను మాత్రము త్వరగా దాటిపోవుదుము. ముందు అప్పు తీరవలెను; మిగిలినదానితో ఆమెయు పిల్లలును బ్రదుకవలెను. దేవుడు అద్భుతముగా ఇచ్చిన నూనెకే ఈ వరుస ఉన్నయెడల, మన చేతి సంపాదనకు మరి యెంతగా ఉండవలెను!

ఈ వరుస తలక్రిందులైనచో ఏమగునో ఇంగ్లాండు దేశపు ఒక ఫుట్‌బాలు క్లబ్బు చరిత్రలో చూడవచ్చును. బంతియాటకును వాక్యధ్యానమునకును ఏమి సంబంధమని పెద్దలు కొందరు అడుగుదురేమో. మేము చెప్పబోవునది ఆట సంగతి కాదు, లెక్క సంగతి.

పోర్ట్స్‌మౌత్ దక్షిణ సముద్రతీరమందలి ఓడరేవు పట్టణము. అక్కడి క్లబ్బు 1898లో స్థాపింపబడెను. 1949లోను 1950లోను దేశములోని క్లబ్బులన్నిటిలో ప్రథమస్థానము పొందెను. 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచెను. అయితే ఆ గెలుపు రాబడికి మించిన జీతములతో కొనబడిన గెలుపు. 2009లో మొదలైన ఒక్క ఆటకాలములోనే యజమానులు ఒకరి తరువాత ఒకరుగా నలుగురు మారిరి. ఆటగాండ్ర జీతములు ఆలస్యమాయెను. ప్రభుత్వమునకు కట్టవలసిన పన్ను నిలిచిపోయెను. 2010 ఫిబ్రవరిలో క్లబ్బు అప్పులు తీర్చజాలక, చట్టప్రకారము నియమింపబడిన నిర్వాహకుని చేతికి పోయెను. ప్రీమియర్ లీగులో ఉండగా ఆ గతి పట్టిన మొదటి క్లబ్బు అదియే. బాకీలు 10 కోట్ల పౌండ్లకు పైబడెను.

క్లబ్బు ఎవరెవరికి బాకీపడెనో ఆ పట్టీలో సెంట్ జాన్ అంబులెన్సు పేరుండెను. ఆటనాడు దెబ్బతగిలినవారికిని సొమ్మసిల్లినవారికిని ప్రథమచికిత్స చేయు స్వచ్ఛంద సేవకులు వారు. వారికి రావలసినది సుమారు 2,700 పౌండ్లు. పేరుమోసిన ఆటగాని ఒక్క వారపు జీతములో అది ఏపాటి! అయితే ఇంగ్లాండు ఫుట్‌బాలులో ఒక నియమమున్నది. అప్పులలో మునిగిన క్లబ్బు లీగులో నిలువవలెనన్నచో, ఆటగాండ్రకును ఇతర క్లబ్బులకును ఉన్న బాకీ పూర్తిగా చెల్లింపవలెను. హామీలేని తక్కినవారు మిగిలినదానిని పంచుకొనవలెను. 2010 జూనులో కుదిరిన ఒప్పందములో ఈ తక్కినవారికి పౌండుకు 20 పెన్నీలు ఇత్తుమనిరి. రూపాయికి ఇరువది పైసలన్నమాట!

నవ్వకుడి. అప్పుచేసి పెండ్లివిందు ఆర్భాటముగా పెట్టి, పందిరి వేసినవానిని మాత్రము పంట వచ్చినాక రమ్మనుట మన పల్లెలలో లేదా? గట్టిగా అడుగువానికి ముందు, అడుగజాలనివానికి వెనుక. యాకోబు తన పత్రిక ఐదవ అధ్యాయములో కోతగాండ్రకు ఎగగొట్టిన కూలినిగూర్చి వ్రాసినది ఇట్టి వరుసనుగూర్చియే.

గెలిచిననాడు యజమానుడు క్లబ్బు నాదనును. అప్పులవాడు వచ్చిననాడు అది కంపెనీ అప్పనును. చట్టము ఆ మాటను ఒప్పుకొనుచున్నది, ఏలయనగా కంపెనీ అప్పునకు వాటాదారుడు తన వాటా మేరకే బాధ్యుడు. ఆ చట్టమును మనము తప్పుపట్టము. అది లేనిచో వ్యాపారమునకు సాహసించువారు అరుదు. కాని లూకా పదునారవ అధ్యాయములోని యజమానుడు తన గృహనిర్వాహకుని, నీ బాధ్యత ఎంతవరకని అడుగలేదు. లెక్క అప్పగింపుమనెను. క్లబ్బు కొనువాడు యోగ్యుడా, అతని సొమ్ము ఎక్కడిది, ఖర్చు అదుపులో ఉన్నదా అని విచారించుటకు ఒక స్వతంత్ర సంస్థ ఉండవలెనని బ్రిటిషు పార్లమెంటు 2025లో చట్టము చేసినది. ఆలస్యమైనను మంచిదే.

పోర్ట్స్‌మౌత్ క్లబ్బు 2012లో రెండవమారు అదే స్థితికి వచ్చెను. 2013 ఏప్రిలులో దానిని అభిమానుల సంఘము కొనెను. వాటా ఒక్కటి 1,000 పౌండ్లు. ఒక్కడు ఇయ్యజాలనిచోట కొందరు కూడి ఒక వాటా కట్టిరి. ధనవంతులు కొందరు తోడైరి. ఇరుగుపొరుగువారి వట్టి పాత్రలు ఆ విధవరాలి ఇంట చేరినట్లు, 2,000 మందికి పైగా వాటాదారులైరి. పాత యజమానుల కాలమునుండి మోసికొనివచ్చిన బాకీలు తీరినవని 2014లో ప్రకటించిరి. ఆ అప్పు చేసినవారు వీరు కారు. విధవరాలు తీర్చినదియు భర్త వదలిపోయిన అప్పే.